పాత జీపు, కొత్త బండి: చేవెళ్ల దారిలో మూడు పొద్దులు

గండిపేట

గండిపేట నుంచి చేవెళ్లకు గట్టిగా గంట ప్రయాణం. దీన్ని యాత్ర అంటే నవ్వుతారని తెలుసు. కానీ ఆ గంట దూరం పోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఈ మధ్యలో పనిమీద బెంగుళూరుకు ఆరుసార్లు పోయి వచ్చాను. చేవెళ్లకు మాత్రం ఒక్కసారీ పోలేదు. ఎందుకంటే ఏం చెప్పను, పక్కనే ఉంది కదా అని.

పోయి వచ్చి వారమైంది. ఇంకా చొక్కాకు గులాబీల వాసన పోలేదు, డీజిల్ వాసనా పోలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేనొక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఎవరికీ నచ్చని పని, కానీ నాకు మహా ఇష్టం. ఈ సంగతి మా మల్లేశం మామకు తెలుసు. ఏప్రిల్‌లో ఒకనాడు ఫోన్ చేశాడు.

"అల్లుడా, నీ కొలువేంది? కంప్యూటర్ల తప్పులు వట్టుడే గద? జర వచ్చి నా రెండు బండ్లల్ల తప్పులు వట్టు. మీ అత్త నా మాట ఇంటలేదు."

మామ మా అమ్మకు తమ్ముడు. ఇరవై ఏళ్లకు పైగా ఒకే జీపు నడుపుతున్నాడు. తెల్లవారకముందే చేవెళ్లలో బయలుదేరి, సురంగల్‌లో పూలమ్మే ఆడవాళ్లను ఎక్కించుకుని, పట్నంలో పూల మార్కెట్ దగ్గర దించుతాడు. ఇంటర్ చదివిన రెండేళ్లూ నేను ఆ జీపు వెనక వేలాడుతూ మెహదీపట్నం పోయినవాణ్నే. లోపల కూర్చునే భాగ్యం పరీక్షల రోజుల్లోనే దక్కేది. అప్పుడు కూడా ఒడిలో ఎవరిదో ఒక గంప ఉండేది.

ఇప్పుడు మామకు కొత్త బండి కావాలి. మొయినాబాద్‌లో తెలిసినాయన భూమి అమ్మిన పైసలతో నిరుడు ఒక ఏడు సీట్ల బండి కొన్నాడు. ఈ ఏడు అది చిన్నదైపోయిందట, ఇంకా పెద్దది కొంటున్నాడు. "నచ్చితే తీస్కో మల్లేశం, మూడు దినాలు నడిపి చూడు" అన్నాడు. మామ దగ్గర రోడ్డు పక్క అరెకరం అమ్మిన పైసలున్నాయి. వాటితో ఇంటికి స్లాబు వేయాలని అత్త పట్టు. నడిచే జీపు ఉండగా ఇంకో బండి ఎందుకని ఆమె ప్రశ్న. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు: అల్లుడు వచ్చి రెండు బండ్లూ చూసి ఏది మేలంటే అది.

అలా ఒక ఇంటి స్లాబు నా మెడకు పడింది. శుక్రవారం మధ్యాహ్నం నోటుబుక్కు, కొలిచే టేపు, గడియారం సర్దుకుని బయలుదేరాను.

మొయినాబాద్

బస్సు మొయినాబాద్‌లో చాలాసేపు ఆగింది, రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మా కాలేజీ రోజుల్లో ఇక్కడ జామకాయల బండ్లు ఉండేవి, ఉప్పుకారం చల్లి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు వాటి జాగాలో ప్లాట్ల బోర్డులు. ఒక్క బండి మిగిలింది. కాయ ఐదు రూపాయలంటే నోరు తెరిచాను. అమ్మే ఆమె నా మెడలోని కంపెనీ కార్డు చూసింది.

"గజం భూమి అడుగుతె ఎంత చెప్తరో గదానికి నోరు తెరువలె బిడ్డా, జామకాయకు కాదు" అంది.

కార్డు తీసి జేబులో పెట్టుకున్నాను. కాయ మాత్రం పాత రుచే. ఆఫీసులో పళ్లు కోసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పుల్ల గుచ్చి ఇస్తారు. పళ్లతో కొరికి తినే పండు తిని ఎన్నాళ్లయిందో అప్పుడు గుర్తొచ్చింది.

చేవెళ్ల

ఇంటి ముందు రెండు బండ్లూ పక్కపక్కన నిలబడి ఉన్నాయి. కొత్తది వెండి రంగు, సీట్ల మీద కంపెనీ ప్లాస్టిక్ కవర్లు ఏడాదైనా తీయలేదు. తీస్తే పాతదైపోతుందని వాళ్ల భయం. వెనక్కి నడిపితే ఏదో పాట సగం వరకు మోగుతుంది, మిగతా సగం కోసం మళ్లీ వెనక్కి పోవాలి. జీపుకు గుడ్డ టాపు, పోం పోం అనే రబ్బరు హారను, ఎదురెదురుగా రెండు బల్లలు. వెనక తలుపు ఇనుప అంచు గంపలు రాసుకుని రాసుకుని గిన్నె అడుగులా మెరుస్తోంది.

ఆ అంచు మీద చెయ్యి వేయగానే నాకు పదిహేడేళ్ల వయసు తిరిగొచ్చినట్టయింది. పట్టుకుని వేలాడే చోటు కూడా అట్లాగే ఉంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా నేను పరీక్షించేవాణ్ని, ఏడవడానికి రాలేదు. నోటుబుక్కు తీశాను.

జీపుకు నాలుగు గేర్లు, కొత్తదానికి ఐదు. జీపు స్టీరింగు తిప్పాలంటే భుజాలు కావాలి, కొత్తదానికి ఒక వేలు చాలు. జీపులో కాగితం ప్రకారం పట్టేది ఎంతమందో ఎవరికీ గుర్తులేదు, కూర్చునేది పద్దెనిమిది మంది. కొత్తదాంట్లో ఏడుగురు అని రాసి ఉంది. "గది రాసుటానికి" అన్నాడు మామ. ఏసీ, సీటు బెల్టు, అద్దాలు దించే మీట అన్నీ కొత్తదానికే. జీపుకు ఉన్నదల్లా గాలి.

రాత్రి భోజనంలో జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర, పచ్చిపులుసు. అత్త ఒకపక్క మామ ప్యాంటుకు మాసిక వేస్తూనే ఇంకో రొట్టె వేసుకోమని నన్ను బెదిరించింది.

"ఎడమ మోకాలు కాడనే చినుగుతదిరా. కుడిదిక్కు కొత్తగనే ఉంటది. ఇది మూడో ప్యాంటు" అంది మామ వైపు చూస్తూ.

"సీటు రేకు గీరుకుంటది" అన్నాడు మామ, పులుసు గిన్నెలోకి చూస్తూ.

నేను వెంటనే నోటుబుక్కు తీసి, జీపు లోపాల్లో "సీటు రేకు గీరుకుంటుంది" అని రాశాను. నా తెలివి అలాంటిది.

పడుకోబోయే ముందు మామ ఒక ముచ్చట చెప్పాడు. ఆయనతో పాటే జీపు నడిపిన దోస్తు ఒకాయన బండి అమ్మేసి, ఇప్పుడు మోకిలలో కొత్త ఇళ్ల గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటున్నాడట. వచ్చే ప్రతి కారుకు లేచి సలాం కొట్టాలి.

"దినమంత కార్లే చూస్తడు, ఒక్కటి నడుపడు" అన్నాడు మామ. "నాకు గా కుర్చీ ఒద్దురా అల్లుడా."

బండి ఉన్నవాడికి కుర్చీ గొడవ ఎందుకో నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా.

సురంగల్, మొదటి పొద్దు: జీపు

శనివారం తెల్లవారుతుండగా సురంగల్ చేరాం. మామ జీపు తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. హారను కొడితే పిల్లలు లేస్తారని, ఇరవై ఏళ్లుగా ఇదే పిలుపు. ఇళ్లలోంచి ఏడుగురు ఆడవాళ్లు గంపలతో వచ్చారు. తడి గోనె కప్పిన గులాబీ మొగ్గలు. నెత్తి మీది గంపను ఎవరి సాయమూ లేకుండా జీపు వెనక అంచు మీదికి జార్చి, లోపలికి తోసేస్తున్నారు. ఆ అంచు సరిగ్గా వాళ్ల భుజాల ఎత్తులో ఉంది. టేపు పెట్టి కొలిచాను. వాళ్లు నవ్వారు.

వాళ్లలో పెద్దామె నర్సవ్వ, అరవై దాటి ఉంటుంది. ఎప్పటిలాగే ముందుసీట్లో మామ పక్కన కూర్చుని, ఎడమచేత్తో గంప, కుడిచేత్తో గేరు రాడ్డు పట్టుకుంది.

"అవ్వా, గేరు మీద చెయ్యి పెట్టొద్దు. బండి ఆగమైతది" అన్నాను.

"పెడితె ఏమైతది బిడ్డా, రోజు పెడత" అంది.

"ఇయ్యాల పరీక్ష. నువ్వు వెనక కూర్చో, ముందు నేను కూర్చుంటా."

నర్సవ్వ మామ వైపు చూసింది. మామ అద్దం సరిచేసుకుంటున్నాడు. ఆమె దిగి వెనక్కి పోయింది. వెనక యాదమ్మ అనే వయసులో ఉన్నామె, నోటికి తాళం లేని మనిషి, "ఇగ ఐతదిరో ఇయ్యాల" అని గొణిగింది. నేను గడియారం చూసుకుంటున్నాను.

ఆ రోజు జీపు నా కళ్ల ముందే పరువు తీసుకుంది. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా గింజుకుంది. గేరు పడేది కాదు, పడితే కర్రున అరిచేది. అజీజ్‌నగర్ దాటాక చిన్న ఎత్తు దగ్గర రెండుసార్లు ఆగిపోయింది, వెనక లారీల హారన్ల మోత. మామ ఎడమచేత్తో మోకాలు నొక్కుకుంటూ, మళ్లీ అదే చేత్తో గేరు కోసం తడుముకుంటూ, చెమటలు కారుస్తున్నాడు. నేను నీళ్ల సీసా అందించి, పుస్తకంలో "ఎత్తు ఎక్కలేదు, రెండుసార్లు" అని రాశాను.

"ముసలిదైందిరా జీపు" అన్నాడు మామ. వెనక ఎవరూ మాట్లాడలేదు. యాదమ్మ కూడా.

మార్కెట్‌కు ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాం. అయినా మొగ్గలు మొగ్గల్లాగే ఉన్నాయి. దారంతా గాలి కొట్టింది కదా.

సురంగల్, రెండో పొద్దు: కొత్త బండి

ఆదివారం ప్లాస్టిక్ కవర్ల మీద సర్దుకుని కూర్చునేసరికే ముచ్చెమటలు. కొత్త బండి వెనక తలుపు పైకి లేస్తుంది. లేచిన తలుపుకు నెత్తి మీది గంప కొట్టుకుని మొదటి గంప సగం నేలపాలైంది. అది యాదమ్మది. ఆమె కొత్త బండిని, దాని కంపెనీని, నన్ను వరసగా దీవించింది. ఏడుగురూ ఏడు గంపలూ పట్టడానికి మూడు గంపలు ఒడుల్లోకి పోయాయి.

జీపుకు ఏసీ లేదు కాబట్టి దీనికీ వేయకూడదని నేను చెప్పాను. మైలేజీ కొలత న్యాయంగా ఉండాలి కదా. సరేనని అద్దాలు దించితే రోడ్డు పనుల దుమ్ము లోపలికి కొట్టింది. సీట్లు ఇంకా మామవి కావు, మొయినాబాద్ ఆయనవి. మామ అద్దాలన్నీ ఎక్కించేశాడు. ఏసీ లేదు, గాలి లేదు, కింద ప్లాస్టిక్కు, లోపల తొమ్మిది మంది ఆవిరి.

బండి మాత్రం వెన్నలా పోయింది. నర్సవ్వ ఈసారి తనంతట తానే వెనక కూర్చుంది. నిన్న ఆగిన ఎత్తును బండి ఎక్కినట్టు కూడా తెలియలేదు. మామ ముఖం చూడాలి. ఎడమచెయ్యి హాయిగా స్టీరింగు మీద, నోట్లో ఏదో కూనిరాగం. ఆయన్ను అట్లా చూసి ఎన్నేళ్లయిందో. లంగర్‌హౌజ్ దగ్గర యాదమ్మకు కొత్త స్పాంజి వాసన, గులాబీ వాసన కలిసి కడుపులో తిప్పింది. బండి ఆపేలోపే తన కొంగులోనే కానిచ్చింది. సీటు దక్కింది.

మార్కెట్‌లో గోనె తీశారు. ఆ ఉక్కకు మొగ్గలన్నీ విచ్చుకుని కూర్చున్నాయి. చూడ్డానికి అందంగానే ఉన్నాయి. కానీ దండలు గుచ్చేవాళ్లకు కావాల్సింది మొగ్గ. రోజూ కొనే ఆయన ఒక పువ్వు తీసి ఊదితే రేకులు రాలాయి.

"ఇవి సాయంత్రం దాక కూడా ఆగయి" అని సగం ధరకు అడిగాడు. ఇచ్చేశారు.

నేను ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాను. తిడతారని ఎదురుచూశాను. జీపే మేలని వాళ్లే అంటారు, ఇక పుస్తకం మూసేయొచ్చు అనుకున్నాను.

"బండి ఎట్లున్నది అవ్వా?" అని అడిగాను.

నర్సవ్వ ఖాళీ గంప బోర్లించి దుమ్ము దులిపింది. "మంచిగున్నది బిడ్డా. గిదే తీస్కోమను."

"పూలు ఖరాబైనయి గద?"

"రేపటికి మల్ల పూస్తయి."

యాదమ్మ కూడా కొంగు పిండుకుంటూ, "అవును, గిదే మంచిగున్నది" అంది. మిగతా ఐదుగురూ తలలూపారు. తప్పులు పట్టడమే బతుకైన నాకు ఇక్కడ ఏదో లెక్క తప్పిందని అర్థమైంది.

మార్కెట్ వెనక చాయ్

మామ డీజిల్ పోయించడానికి పోయాడు. నర్సవ్వను చాయ్‌కు పిలిచాను. మూడు రూపాయల ఇరానీ చాయ్, ముంచుకోవడానికి ఉస్మానియా బిస్కెట్. మా ఆఫీసులో మీట నొక్కితే ఉచితంగా చాయ్ వస్తుంది, దాన్ని ఉచితంగానే పారబోస్తాం. నర్సవ్వ సాసర్లో పోసుకుని, రెండు గుటకలు తాగి చెప్పింది.

"మీ మామ ఎడమ మోకాలు పోయింది బిడ్డా. ఏడాదిన్నర. జీపు క్లచ్చి బండరాయి లెక్క ఉంటది. కాలుతోని తొక్కరాదు. చేత్తోని మోకాలు నొక్కుతడు."

నేను చాయ్ కింద పెట్టాను.

"ఎడమచెయ్యి మోకాలు మీద ఉంటె గేరు ఎవరు ఎయ్యాలె? ఆయన 'ఎయ్' అంటడు, నేను ఏస్త. ముందుకు, ఎనక్కు, అన్ని ఎర్కనే నాకు. ఇంట్ల తెలిస్తె బండి ఇడిపిస్తరని భయం. మీ అత్తకు చెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నడు. మేం ఏడుగురం ఒట్టు ఏసినం."

శనివారం నాటి ప్రయాణమంతా మళ్లీ నా కళ్ల ముందు తిరిగింది. జీపుకు ఏ రోగమూ లేదు. దాని ఎడమచేతిని నేనే తీసి వెనక బల్ల మీద కూర్చోబెట్టాను. పైగా అది ఎత్తు ఎక్కలేదని పుస్తకంలో రాశాను. మామ చెమటలు కారుస్తుంటే నీళ్ల సీసా అందించి పెద్ద సాయం చేశాననుకున్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"ఇట్ల నడుపుడు ప్రమాదం అవ్వా. ఏమన్న ఐతే?" అన్నాను.

"ఎర్కనే. దినాం ప్రాణం గుప్పిట్ల పెట్టుకునే పోతం. గందుకే కొత్తది తీస్కోమంటున్న. దాని క్లచ్చి మెత్తగున్నది. నిన్న జీపుల చూసినవ్, ఇయ్యాల చూసినవ్. మనిషి పాట పాడిండు గద."

గంప తలుపుకు కొట్టుకున్నా, పూలు విచ్చుకుని సగం ధరకు పోయినా వాళ్లకు లెక్కలేకపోయింది. మోకిల గేటు దగ్గరి కుర్చీ మామకు తప్పితే చాలు వాళ్లకు.

చేవెళ్ల, మళ్లీ

సురంగల్‌లో ఆడవాళ్లను దించాక దారిలో మామతో అన్నాను. "మామా, క్లచ్ గురించి అత్తకు నువ్వు చెప్తవా, నేను చెప్పాలా?"

"నర్సవ్వ చెప్పిందా?" అన్నాడు. తర్వాత, "మీ అత్త ఇంట్ల కూసోబెడ్తదిరా" అన్నాడు. ఆ గొంతు నేను మామ నోట ఎన్నడూ వినలేదు.

అత్త గడపలో కూర్చుని ఎదురుచూస్తోంది. "చెప్పురా. స్లాబా, బండా?"

పుస్తకం తెరిచాను. రెండు పొద్దుల లెక్కలు, నిమిషాలు, లీటర్లు, టేపు కొలతలు ఉన్నాయి. ఒక్కటీ చదవబుద్ధి కాలేదు. మామ వైపు చూశాను. ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"జీపు క్లచ్చి తొక్కొస్తలేదే నాకు" అన్నాడు చివరికి. "మోకాలు పనిచేస్తలేదు. కొత్తదానిది తొక్కొస్తది."

అత్త లేచి లోపలికి పోయింది. మామ, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆమె మూడు ప్యాంట్లు తెచ్చి నా ముందు పడేసింది. మూడింటికీ ఎడమ మోకాలు దగ్గర మాసికలు.

"ఏడాదిన్నర నుంచి కుడుతున్న. చేత్తోని గుంజి గుంజి బట్ట చినుగుతది, సీటు రేకు కాదు. గీ ముచ్చట నీ నోటితోని ఎన్నడు చెప్తవో అని చూస్తున్న. చెప్పక జీపు ముసలిదంటవ్. ముసలిది జీపా?"

"మరి ఇంట్ల కూసోమంటవా?" అన్నాడు మామ.

"కూసుంటె దినమంత నీ మొఖం నేనే చూడాలె. నాకెందుకు గా శిక్ష? ముందుగాల దవాఖానకు నడువు. డాక్టరు సరే అంటెనే బండి. స్లాబు వచ్చే ఏడు."

అలా నా రిపోర్టు అవసరం లేకుండానే తీర్పు వచ్చేసింది. చేవెళ్ల దవాఖానలో ఆ సాయంత్రమే డాక్టరు మోకాలు వంచి చూశాడు. జీపు ముట్టుకోవద్దన్నాడు. కొత్త బండి పొద్దున ఒక్క ట్రిప్పు నడపొచ్చు, రోజూ పట్టీ వేసుకోవాలి అన్నాడు. జీపును మొయినాబాద్ ఆయన తన తోట పనికి తీసుకుంటానన్నాడు. ఇచ్చే ముందు మామ దాన్ని నీళ్లతో కడిగాడు. ఆ అంచు నేను తుడిచాను.

మూడో పొద్దు

సోమవారం నేను ఆఫీసుకు రావాలి కాబట్టి వాళ్లతోనే బయలుదేరాను. అత్త సీట్ల మీది ప్లాస్టిక్కు ముందురోజే చింపేసి, పాత దుప్పట్లు పరిచింది. సురంగల్‌లో మామ వెండి రంగు తలుపు మీద రెండు దెబ్బలు వేశాడు. మెత్తటి చప్పుడు, ఎవరికీ వినబడలేదు. మళ్లీ గట్టిగా వేశాడు. యాదమ్మ తలుపు దగ్గరికి రాకముందే గంప దించి, "నాకు బుద్ధి వచ్చింది" అంది. ఈసారి అద్దాలు దించి, గంపలకు ఇంకో తడి గోనె కప్పారు. దుమ్ము కొట్టింది, కొట్టనీ అనుకున్నాం. మొగ్గలు మొగ్గలుగానే వెళ్తున్నాయి.

ముందుసీట్లోకి పోబోయి నేను ఆగి, తలుపు తీసి పట్టుకున్నాను. నర్సవ్వ వచ్చి తన జాగాలో కూర్చుంది. నేను వెనక, ఒడిలో గంప పెట్టుకుని, ఇంటర్ పరీక్షల రోజుల్లో లాగే.

అజీజ్‌నగర్ దాటాక ఆ ఎత్తు వచ్చింది. మామ అలవాటుగా "ఎయ్" అన్నాడు. నర్సవ్వ చెయ్యి గేరు మీదికి పోయింది. అప్పటికే మామ చెయ్యి అక్కడుంది, గేరు పడిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూడలేదు. నర్సవ్వ తన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు గాల్లో ఆపి, గంప మీది తడి గోనె సర్దింది. అది సర్దే ఉంది.